మందగించిన కంప్యూటరు – మా ఆదివారపు వైద్యం

మా యింట్లో ఒక కంప్యూటరు ఉన్నది. 2016లో, అమ్మాయి మూడవ తరగతి చదువుతుండగా, ఆఫీసులో పండుగ అడ్వాన్సు పుచ్చుకొని కొన్నాము. కొన్న కొత్తలో మీట నొక్కి మంచినీళ్లు తాగి వచ్చేసరికి సిద్ధంగా ఉండేది. రాను రాను దాని ధోరణి ఎలా మారినదంటే, మీట నొక్కి, స్నానం చేసి, కాఫీ తాగి, పేపరు మొదటి పుట ముగించినా తెరమీద ఆ గుండ్రటి చుక్కలు తిరుగుతూనే ఉండేవి. "మీ ఆఫీసు ఫైలే దీనికంటె నయం, ఎప్పటికో ఒకప్పటికి కదులుతుంది" అన్నది మా ఇంటావిడ. ఇరవై ఏళ్లుగా గుమాస్తాగిరీ చేస్తున్న మాకు ఆ మాట గుచ్చుకొన్నది గాని, కాదనడానికి లేకపోయింది.

ఇక్కడ బరంపురం బజారులో ఒకరికి చూపించాము. ఆయన మూత కూడ విప్పకుండానే, "పాత సరకు బాబూ, పారేసి కొత్తది తీసుకోండి" అని ఒడియాలో తేల్చి చెప్పాడు. ఆ నెలలోనే అమ్మాయి ప్లస్ టూ ఫీజు కట్టవలసి ఉన్నది. కొత్త యంత్రం అనే మాట ఇంట్లో ఎత్తే ధైర్యం మాకు లేదు. విశాఖపట్నంలో ఈ మరమ్మతులే వృత్తిగా ఉన్న మా బావమరిదికి ఫోను చేశాము. "బావగారూ, రోగమేమిటో చూడకుండా మందు వేయకండి" అన్నాడు.

రోగం చూడడం సులభమే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ అనే పట్టీ తెరుచుకొంటుంది. మెదడు ఎంత పని చేస్తున్నది, మెమొరీ ఎంత నిండినది, డిస్కు ఎంత శ్రమ పడుతున్నది, అన్నీ శాతాలతో సహా అందులో ఉంటవి. మాదాంట్లో డిస్కు నూటికి నూరు! అందులోనే స్టార్టప్ అనే మరొక పుట ఉన్నది. మీట నొక్కగానే మన అనుమతి అడగకుండా లేచి కూర్చునే కార్యక్రమాల జాబితా అది. మేము లెక్కపెడితే పదకొండు తేలినవి. ఎన్నడో అమ్మివేసిన ప్రింటరు తాలూకు పరిచారకుడొకడు, 2020లో కరోనా రోజుల ఆన్‌లైను పాఠాల నిమిత్తం పెట్టించినది ఒకటి, ఏ పాటా వినకపోయినా నిద్ర లేచే పాటల పెట్టె ఒకటి. వైరసు కాపలాదారులు ఇద్దరు, ఒకరి నొకరు అనుమానిస్తూ! కాపలాకు ఒకరు చాలు. విండోసుతోబాటే వచ్చే డిఫెండరు మామూలు ఇంటికి సరిపోతుంది. రెండవదానిని తొలగించి, తక్కినవాటిలో తొమ్మిదింటిని డిసేబుల్ చేశాము. దానివల్ల ఆ కార్యక్రమాలు పోవు, పిలిచినప్పుడు మాత్రమే వస్తవి.

మరొక సంగతి మాకే వింతగా తోచినది. రాత్రి షట్ డౌన్ చేస్తే అంతా శుభ్రంగా ఆగిపోతుందనుకొనేవారము. 2012లో వచ్చిన విండోస్ 8 నాటినుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే పద్ధతి ఉన్నది. అది అమలులో ఉంటే, త్వరగా లేవడం కోసం యంత్రం తన స్థితిలో కొంత భాగాన్ని డిస్కుమీద దాచుకొని పడుకొంటుంది. కనుక పాత తికమక కొంత మరునాటికీ మిగులుతుంది. రీస్టార్టు చేస్తేనే అంతా మొదటినుంచి మొదలవుతుంది. వారానికొకసారి అది చేయడానికి ఖర్చేమీ లేదు.

తరువాత తీగ పీకి, పక్కరేకు విప్పాము. అమ్మా! దిండు చిరిగినట్లు దూది పింజల వలె దుమ్ము. బల్లకింద పెట్టి రోజూ ఆ చుట్టూ చీపురు వేయించిన పుణ్యం. ఫ్యాను ఆడక లోపలి చిప్పు వేడెక్కితే, తన్ను తాను కాపాడుకొనడానికి వేగం తగ్గించుకొంటుంది. మెత్తని బ్రష్షుతో, ఫ్యాను రెక్క తిరగకుండ వేలితో పట్టుకొని దులిపితే సరి. తడిగుడ్డ మాత్రం దగ్గరకు రానీయరాదు.

ఇంతవరకు బాగానే ఉన్నది. ఇక మా తెలివితక్కువ చెప్పవలసి ఉన్నది.

డిస్కు గొంతుదాకా నిండినది. పదింట ఒక వంతయినా ఖాళీ లేకపోతే దానికి ఊపిరాడదని బావమరిది చెప్పాడు. సెట్టింగ్స్‌లో స్టోరేజి, అందులో టెంపరరీ ఫైల్స్ అనే చోట పనికిరాని చెత్తను గుర్తుపెట్టి తుడిచివేయవచ్చు. ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ అనే గడి కూడ ఉంటుంది. దానికి యంత్రం తనంతట తాను టిక్కు పెట్టదు, మేమే పెట్టాము. ఎక్కువ చోటు అదే మింగిందని ఉత్సాహం. తుడిచినవి రీసైకిల్ బిన్‌కు కూడ పోవు.

నాలుగు రోజుల తరువాత పర్లాకిమిడినుంచి మా అత్తయ్య ఫోను. "ఒరే, మీ తాతయ్య ఉత్తరాలు ఒకటి చదివి వినిపించరా" అని. 1930లలో తాతగారు రంగూనులో బియ్యపు మిల్లులో గుమాస్తాగా ఉండి నాయనమ్మకు రాసిన ఉత్తరాలవి. అత్తయ్య మనుమడు ముప్పై ఎనిమిదింటికి ఫొటోలు తీసి వాట్సాపులో పంపితే, కంప్యూటరులో దించుకొన్నాము. దించుకొన్నవి చేరేది ఆ డౌన్‌లోడ్స్‌లోనే. అసలు ఉత్తరాలు పెట్టెలో చెదలపాలైనవి. ఆ కుర్రవాడి ఫోనూ పోయింది. మా ఫోను నిండినదని అంతకుముందే మేము ఖాళీ చేశాము.

బావమరిదికి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "తుడిచిన వెంటనే కట్టేసి ఉంటే చాలావరకు తీసేవాణ్ని బావగారూ. తుడిచిన చోటుమీద నాలుగు రోజులు కొత్తవి రాసుకుపోయింది" అన్నాడు. అయినా స్వయంగా వచ్చి ప్రయత్నించాడు. కొన్ని బొమ్మలు సగం వచ్చినవి. పైన తాతగారి దస్తూరీ, కింద బూడిదరంగు. చివరకు అత్తయ్య కోడలి ఫోనులో పదకొండు దొరికినవి.

ఆఫీసులో ఏ కాగితాన్నీ నకలు తీయనిదే రికార్డు గదికి పంపము. ఇంట్లో ఆ పాటి బుద్ధి లేకపోయింది. పాఠకులు చీపురు పట్టకముందే పెన్‌డ్రైవులో ఒక నకలు, వేరొకరి ఇంట మరొక నకలు ఉంచుకొనండి. మేము ముందు చెప్పినవన్నీ ఆ తరువాతనే.

వచ్చినవాడు ఊరకే పోలేదు. చక్రం తిప్పుతూ వెతికే పాత హార్డు డిస్కు తీసి, కదిలే భాగమే లేని ఎస్.ఎస్.డి. బిగించాడు; నాలుగు జీబీ మెమొరీని ఎనిమిది చేశాడు. కొత్త కంప్యూటరు ధరముందు ఆ ఖర్చు స్వల్పమే. వేగమంటే నిజంగా దానివల్లనే వచ్చింది. దుమ్ము దులపడంవల్ల తేడా కొంచెమే. ఉచితంగా వేగం పెంచుతామని తెరమీద ఊరించే కార్యక్రమాలను మాత్రం పెట్టుకోవద్దన్నాడు. మరొక మాట: 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసినది. 2016నాటి మా చిప్పు విండోస్ 11 అర్హతల పట్టీలో లేదు. అందుచేత బ్యాంకు లావాదేవీలు దీనిమీద మానుకొన్నాము. ఉత్తరాలకు, ఫొటోలకు, అమ్మాయి చదువుకు చాలును.

ఇప్పుడు అర నిమిషంలో తెరుచుకొంటున్నది. అత్తయ్య ఆదివారం ఆదివారం ఫోను చేసి, పన్నెండవది ఏమైనా దొరికిందా అని అడుగుతూ ఉంటుంది.