విప్పదగిన యిల్లు

హైటెక్ సిటీ, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతముల అపార్టుమెంట్ల అడుగున నున్న పార్కింగులలో శనివారము నాడు రంపపుచప్పుడు వినవచ్చినచో ఆశ్చర్యపడవలసినది లేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైననాటినుండి ఈ పరిసరములకు వచ్చి స్థిరపడిన ఉద్యోగులలో కొందరు, వారమంతయు కంప్యూటరు తెరయెదుట గడపి, సెలవుదినమున ప్లైవుడ్ పలకను, డ్రిల్లును చేతబట్టి, తాము నిత్యము ఆఫీసునకు పోవు వ్యానునే రాత్రి పండుకొనుటకు దగిన బండిగా దిద్దుకొనుచున్నారు. బుద్ధితోనే జీవనము సాగించువారు చేతిపనిని ఇంత ప్రీతితో నేర్చుకొనుట నాకు మిక్కిలి సంతోషము గలిగించు విషయము. కనుకనే మొదటి ప్రయాణమునుండి తిరిగివచ్చినవెంటనే వారిని పట్టుకొను ఒకానొక ఆవేశమును గూర్చి చెప్పవలెనని యున్నది.

ఆ ఆవేశము చేర్చుటయందలి ఆవేశము. మొదటి రాత్రి కలిగిన ప్రతి అసౌకర్యమునకును ఒక వస్తువు ఔషధముగా తోచును: దాహము వేసినందులకు ఫ్రిజ్జు, చేయి కడుగుకొన వీలులేనందులకు సింకు, దీపము చాలనందులకు పెద్ద బ్యాటరీ, కప్పుమీద సోలార్ పలక. ఇవన్నియు స్క్రూలతో బిగింపబడి, రెండవ ప్రయాణమునాటికి బండి బరువెక్కి, సవరించుటకు సందులేనిదై పోవును. ఇద్దరు మనుష్యులు పావుగంటలో విప్పి దింపలేని దేనినిగాని బండిలో నుంచరాదనునది నా నిశ్చితాభిప్రాయము.

నా మేనల్లుడును అతని భార్యయు చేసిన మొదటి యాత్రనే తీసికొందును. శుక్రవారము సాయంకాలము పని ముగించుకొని, ఔటర్ రింగు రోడ్డెక్కి, తుక్కుగూడ వద్ద శ్రీశైలము దారి పట్టి, కడ్తాల, కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు చేరుసరికి రాత్రి 9 గంటలు దాటినది. అమ్రాబాద్ పులుల అభయారణ్యములోని వన్యప్రాణుల క్షేమముకొరకు ఆ దారిని మన్ననూరు ద్వారమువద్ద రాత్రి 9 మొదలు ఉదయము 6 వరకు మూసియుంతురు. ఆ ద్వారమున కీవలనే, లారీలప్రక్కన, వారు తమ నూతనశయ్యపై ఆ రాత్రి గడపిరి. దోమలకు వెరచి అద్దములన్నియు ఎత్తివేసిరి. ఉక్కకు తాళలేక అర్ధరాత్రి తలుపు తెరచిరి. మరల దోమలకు వెరచి మూసిరి. తెల్లవారి చూడగా అద్దములనుండి నీరు కారుచుండెను. "మామయ్యా, ఇంజను ఆన్ చేసి ఏసీ వేసుకొని పడుకుంటే పోదా?" అని అతడు నన్నడిగినప్పుడు నేను గట్టిగానే వారించితిని. నిలిచియున్న బండిలో ఇంజను నడపుచు నిద్రించుట ప్రాణాంతకము. పొగగొట్టమునుండి వెలువడు కార్బన్ మోనాక్సైడ్ రంగును వాసనయు లేని విషము గనుక, అది లోపలికి చేరినచో నిద్రలోనున్నవానికి తెలియనే తెలియదు.

కావున సవరణములలో అగ్రస్థానము గాలిది. మనుష్యుడు నిద్రలో ఊపిరిద్వారా, చర్మముద్వారా ఒక్కరాత్రికి సుమారు పావులీటరు నీటిని ఆవిరిగా విడుచును. ఇద్దరు పరుండిన చిన్న బండిలో ఆ ఆవిరికి వెలుపలికి దారి లేనిచో అది అద్దములపైనను రేకుపైనను నీరై దిగి, పరుపు అడుగున నిలిచి, సామాన్యపు ప్లైవుడ్‌ను ఉబ్బజేయును. మంచుదేశములవారు తమ బండ్లగోడలలో మందమైన ఉన్నియో నురుగుపలకలో కూరుటను చూచి మనవారును అట్లే చేయబూనుచున్నారు గాని, వారి శత్రువు చలి, మన శత్రువు ఉక్క. దక్కను పీఠభూమిలో చీకటిపడిన కొన్నిగంటలకు బయటిగాలి చల్లబడును. పగలంతయు కాగిన రేకుడబ్బాలోనికి ఆ గాలిని ఒకవైపున రానిచ్చి వేరొకవైపున పోనిచ్చినచో అంతకుమించిన శీతలోపాయము వేరొకటి అక్కరలేదు. దీనికి సాధనము సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోనే దొరకును: కంప్యూటరు డబ్బాలో అమర్చు 120 మిల్లీమీటర్ల ఫ్యాను. అది 12 వోల్టులతో తిరిగి, మూడు వాట్లకు మించకుండ విద్యుత్తును పుచ్చుకొనును. అనగా పదిగంటలు నడచినను ముప్పది వాట్-అవర్లే. కిటికీ సందునకు సరిపడ కోసిన పలకలో ఆ ఫ్యానును గాలి వెలుపలికి నెట్టునట్లు బిగించి, రాత్రి బండి నిలిచినపిమ్మట ఆ పలకను కిటికీలో అమర్చి, వెనుకతలుపును కొక్కెముతో కొంచెము ఎడముగా నిలిపి దానికి వెల్‌క్రో పట్టీలతో దోమతెర నంటించినచో గాలి ఆ కొసనుండి ఈ కొసకు ప్రవహించును. ఉదయమున అన్నియు ఊడదీసి మడిచి పెట్టవచ్చును. మారుతి ఈకో వంటి బండ్లలో ఇంజను ముందుసీట్ల క్రిందనే యుండును గనుక, దూరము నడచి వచ్చినరాత్రి తలను వెనుకతలుపు వైపునకు పెట్టుకొనుట మేలు.

ఇట్లు ఊడదీయదగినట్లు చేయుట నేటి చమత్కారము గాదు. జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థవారు 1951 ప్రాంతమున ఫోక్స్‌వాగన్ వ్యానుకొరకు తయారుచేసిన ప్రసిద్ధమైన క్యాంపింగ్ పెట్టె, వారాంతమున బండిలో పెట్టుకొని సోమవారము నాటికి తీసివేయదగిన సామానే. దినమంతయు ఉద్యోగమునకు, కూరగాయలకు, పిల్లల బడికి ఉపయోగపడవలసిన మన బండ్లకు ఇంతకన్న అనుకూలమైన మార్గము లేదు.

చట్టమును ఈ మార్గమునే సూచించుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కె. జయచంద్ర వ్యాజ్యములో ఈ విషయమునే దృఢపరచినది; అదే సంవత్సరపు సవరణచట్టము అనుమతిలేని మార్పునకు ఆరునెలలవరకు కారాగారమునో, మార్పొక్కింటికి 5,000 రూపాయల జరిమానానో, రెండునో విధించుచున్నది. కప్పును కోయుట, సీట్లను శాశ్వతముగా పెరికివేయుట ఇట్టివాని జోలికి పోవలదు. సీట్లను మడిచి, వానిపై నిలుచు మంచపుపెట్టెను సామానువలె ఎక్కించి దింపుకొనవలెను.

అయితే దింపదగినదనగా వదులైనదని యర్థము గాదు. హఠాత్తుగా బ్రేకు పడినప్పుడు కట్టని పెట్టె ముందున్నవారి వీపులమీదికి దూకును. బండిలో ముందునుండియు నున్న కొక్కెములకు పట్టీలతో దానిని బిగించి కట్టుట విధిగా చేయవలసిన పని. పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, ఎనిమిదడుగుల పొడవు నాలుగడుగుల వెడల్పు గలది, సుమారు ముప్పదియైదు కిలోలు తూగును. పన్నెండు మిల్లీమీటర్లది అందులో మూడింట రెండువంతులే. పలుచని పలకకు అడుగున అడ్డకర్రలు వేసి, పరుపు క్రింద గాలియాడుటకు రంధ్రములు తొలిచినచో బలమును ఉండును, బరువును తగ్గును. నా మేనల్లుని బండిలో దారిపొడుగునను వినవచ్చిన గడగడ యంతయు చెక్కస్క్రూలు వదులగుటవలన కలిగినదే. వానికి మారుగా బోల్టులను, నైలాన్ పట్టుగల నట్లను వాడి, చెక్కకును చెక్కకును నడుమ రబ్బరుముక్కలు పెట్టిన సరిపోవును. రాణిగంజులో ఒక పూట తిరిగిన నివన్నియు సమకూరును.

విద్యుత్తు విషయమున లెక్క వేసినపిమ్మటనే కొనుట యుక్తము. వందయాంపియరు-అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 వాట్-అవర్లు ఉండును. దానిపై 1,200 వాట్ల ఇండక్షన్ పొయ్యి పెట్టినచో గంటసేపటికి అది శూన్యమగును. పైగా వందయాంపియర్ల ప్రవాహమునకు తగిన లావుతీగ కావలెను. దీపమునకు, ఫ్యాన్లకు, ఫోన్లకు మాత్రమే యైనచో అందులో ఐదవవంతు చాలును. అట్టి చిన్న బ్యాటరీని పిడిగల పెట్టెలో నుంచి, ప్లస్ కొసకు చేరువనే ఫ్యూజు వేసి, ఇంటికి రాగానే పైకి తీసికొనిపోవలెను. మే నెల ఎండలో తలుపులు మూసిన బండియందలి తాపము దాని ఆయువును హరించును. వంటను బండి వెలుపలనే చేసికొనుట క్షేమము.

1830 మే 18న చెన్నపట్టణమునుండి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తన కాశీయాత్రలో మజిలీ మజిలీకిని నీటివసతి యెట్టిది, అంగళ్లున్నవా, దిగుటకు చోటున్నదా యని వ్రాసికొనుచు పోయిరి. యాత్రికునకు లోపములు మజిలీలో నున్నప్పుడే యథార్థముగా తెలియును. ఇల్లు చేరినపిదప మనస్సు దుకాణముల వైపునకు పరుగెత్తును. మొదటి ప్రయాణమున ప్రతి ఉదయము రెండు పంక్తులు వ్రాసికొన్నవారికి, ఏది ముట్టకుండ తిరిగివచ్చినదో కూడ తెలియును; దానిని మొట్టమొదట దింపవలెను.

బండిలో ఎంత సవరించినను తీరని కొరత యొకటి కలదు. మరుగుదొడ్డి, నీటితొట్టి, సింకు బండిలోనే కావలెనని జనులు కోరుటకు కారణము దారిలో అవి లేకపోవుటయే. బయట వసతి యున్నచో లోపలి యిల్లు తేలికగా నుండును. కేరళ ప్రభుత్వము 2021లో కారవాన్ పర్యాటకమునకు ప్రత్యేకవిధానమును ప్రకటించి, బండ్లు నిలుచుటకు ఉద్యానముల నేర్పరచ సంకల్పించినది. మన రాష్ట్రమున అంతటి యేర్పాటు వచ్చునందాక, కనీసము మన్ననూరు ద్వారమువద్ద ఒక చదునైన నేలను, ఒక కుళాయిని, శుభ్రమైన మరుగుదొడ్లను, రాత్రియంతయు వెలుగు దీపమును పర్యాటకశాఖవారును అటవీశాఖవారును కలసి కల్పించి, తగిన రుసుము వసూలు చేయవచ్చును. శుక్రవారమునాడు సైబరాబాదునుండి ఆలస్యముగా బయలుదేరువారు అచ్చట ఎట్లును ఆగవలసినవారే.