శ్రీనగరపు తులిప్పులు – మన మోదుగులు

పెరటి చెట్టు మందునకు పనికిరాదని సామెత. పెరటి పువ్వు కంటికి కూడ పనికిరాదని నా అనుభవము.

కొన్ని వత్సరముల క్రిందట చైత్రమాసమున శ్రీనగరమునకు పోయి, అచటి తులిప్పుల తోటను చూచితిని. జబర్వాన్ కొండల పాదమున, దాల్ సరస్సునకు చేరువలో, మెట్లు మెట్లుగా దిగివచ్చు తోట యది. 2007లో ప్రజలకై తెరచిరి. వైశాల్యము సుమారు 30 హెక్టార్లు, అనగా 74 ఎకరములు. ఇటీవలి యేండ్లలో పదిహేను లక్షలకు పైగా దుంపలు అచట నాటుచున్నారు. ముందు పూచునవి, నడుమ పూచునవి, వెనుక పూచునవి అని రకములను ఏర్పరచి నాటినను, ఆ వైభవమంతయు రమారమి నెలనాళ్ల ముచ్చటయే. ఆ నెలనాళ్లకై దేశము నలుమూలలనుండి జనులు వత్తురు. పడవలవారికి, బండ్లవారికి, దుకాణదారులకు జీవనము కలుగును. ఇది చిన్న మేలు కాదు.

ఎరుపు, పసుపు, ఊదా రంగుల పట్టెలను చూచుచు నిలిచిపోయితిని. కలుపు తీయుచున్న ఒక వృద్ధుడు తల యెత్తి హిందీలో అడిగెను: "జనాబ్, మీ వైపు వసంతమున ఏమి పూచును?"

"పలాశము" అంటిని గర్వముగా.

"ఆకులతో కూడి పూచునా, ఆకులు రాలిన పిమ్మట పూచునా? పువ్వునకు రేకులెన్ని?"

నాకు నోట మాట రాలేదు. ముప్పది యేండ్లుగా తరగతిలో వసంతవర్ణనములను బోధించినవాడను. కింశుకమనగా 'ఇది చిలుకయా?' అను సందేహమునుండి పుట్టిన పేరని, మొగ్గ చిలుకముక్కు వలె వంగియుండుటయే దానికి కారణమని వ్యుత్పత్తి చెప్పగలను. పువ్వును మాత్రము చిన్ననాటి తరువాత దగ్గర నిలిచి చూడలేదు. విద్య లేని రూపవంతుని వాసన లేని కింశుకముతో పోల్చుట మన నీతికారుల వాడుక. చదువుండియు చూపు లేనివానిని దేనితో పోల్చవలెనో వారు చెప్పలేదు.

తిరుగు ప్రయాణములో తులిప్పు కథయే నా మనస్సున మెదలినది. అది మొదట తోటపువ్వు కాదు. మధ్య ఆసియా కొండల రాళ్ల నడుమ తనంతట తాను మొలచిన అడవి మొక్క. తురుష్క సుల్తానులు దానిని ఆదరించిరి. పదునారవ శతాబ్దిలో అది ఐరోపాకు చేరినది. ఆ శతాబ్ది చివర క్లూసియస్ అను పండితుడు హాలండులోని లైడెన్ తోటలో నాటి పెంచెను. 1637 నాటికి దుంపల బేరము వెఱ్ఱిగా ముదిరి, ఒక్కమారుగా కూలినది. తులిప్పులలో పెక్కింటికి చెప్పుకొనదగిన పరిమళము లేదు. అందుకు ఎవరును వానిని నిందింపలేదు. దానిని గొప్పదానిని చేసినది రంగొక్కటియే కాదు, మనుష్యుల ఆదరము.

మరుసటి ఫాల్గుణమున మా నర్సింహులపేటకు పోయి, తెల్లవారుజామున ఆకేరు వాగు వైపు నడచితిని. ఒక గట్టుపై మోదుగు కనబడినది. కొమ్మలపై ఒక్క ఆకు లేదు. చెట్టెల్ల నిప్పుకణికలు పోసినట్లున్నది. గోరువంకలు, పిగిలిపిట్టలు తేనెకై పెనగులాడుచున్నవి. రాలిన పువ్వు నొకదానిని విప్పి చూచితిని: పైకి విచ్చిన రేకు ఒకటి, ప్రక్కల రెక్కలు రెండు, చిలుకముక్కుగా కలిసిన రేకులు రెండు. అయిదు. తోటమాలికి చెప్పవలసిన సమాధానము ఆలస్యముగా దొరికినది.

కాని నా బాల్యమున వరుసగా నున్న గట్టుమీది చెట్లలో మిగిలినవి నాలుగే. మేకలు కాయుచున్న ముసలి ఆయన నన్ను చూచి, "పొలం సదును జేసినప్పుడు కొట్టేసిన్రు సారూ. ఇప్పుడు ఇస్తరాకులు ఎవలు కుడుతున్నరు?" అనెను. ఆ మాటలో కథ అంతయు ఉన్నది. ఆకు విస్తరిగా, పువ్వు హోలీ రంగుగా ఇంటింటికి కావలసినంత కాలము చెట్టు నిలిచినది. కాగితపు పళ్లెము, రంగుల పొట్లము వచ్చిన పిమ్మట అది గట్టుకు బరువైనది. తంగేడును చూడుడు. అదియు అడవి పొదయే. బతుకమ్మలో దానికి చోటుండుటచే పసిపిల్ల సైతము గుర్తుపట్టును. నేడది తెలంగాణ రాష్ట్ర పుష్పము.

మా పొరుగుననున్న చిన్నగూడూరులో జన్మించిన దాశరథి రంగాచార్యులు తెలంగాణ ప్రజల పోరాటమును చిత్రించిన నవలకు 'మోదుగుపూలు' అని పేరిడిరి. మన విద్యార్థులు ఆ పేరును పరీక్షలో తప్పులేకుండ వ్రాయుదురు. పువ్వును చూపి పేరడిగినచో తెల్లమొగము వేయుదురు. తప్పు వారిది కాదు. చూపనివారము మనము.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. ఏటేట ఫాల్గుణమున ఒక్క పూట పిల్లలను దగ్గరి మోదుగు కడకు నడిపించుకొని పొండు. విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు రేకులు లెక్కింపజేయవలెను. తెలుగు ఉపాధ్యాయుడు వసంత పద్యమును ఆ చెట్టు క్రిందనే చెప్పవలెను. కొమ్మ విరువక, రాలిన పూలనే ఏరి నీళ్లలో మరిగించి రంగు తీయవలెను. గట్టు యజమానిని కూడ పిలువుడు. పిల్లలు మెచ్చుకొన్న చెట్టుపై గొడ్డలి వేయుటకు అతని చేయి ఒకింత వెనుదీయవచ్చును.

శ్రీనగరమునకు పోవలదని నేననను. అవకాశమున్నవారు తప్పక పోవలెను. అయితే అచటి తోటమాలి అడుగవచ్చును. సమాధానము నేర్చుకొని పొండు.