జంటగళమునకు పేరుండవలదా?

వాషింగ్టను నగరమున 1966 ప్రాంతమున వెలసిన పీచెస్ అండ్ హెర్బ్ అను జంటలో హెర్బ్ ఫేమ్ అను గాయకుడు స్థిరముగా నిలువగా, సరసన పాడిన యువతులు పలుమారులు మారిరి. అయినను సోల్ గీతములతో ఆరంభించి, డిస్కో కాలమున 1979లో ‘రీయునైటెడ్’ అను పాటతో అమెరికా జనాదరణ పట్టికలో ప్రథమస్థానము నందుకొన్న ఆ జంట లోకస్మృతిలో నిలిచినది. గొంతు మారినను జంటపేరు మారకపోవుటయే అందులకు ముఖ్యకారణమని నా తలంపు.

మన సంగతి దీనికి విపరీతము. చలనచిత్ర నేపథ్యగాయకులైన మాధవపెద్ది సత్యము, పిఠాపురం నాగేశ్వరరావు గార్లు కలసి పాడిన హాస్యగీతములు ఇంటింట మ్రోగినవే గాని, వారిని విడివిడిగా స్మరించినంతగా జంటగా గౌరవించుట మన కలవడలేదు. సత్యముగారు 1922లో పొన్నూరు చెంతనున్న బ్రాహ్మణకోడూరున జన్మించి, పద్యనాటకపు గాలిలో పెరిగినవారు. బాపట్లలో పుట్టిన నటుడు స్థానం నరసింహారావుగారికి రంగభూమియైన తెనాలి శ్రీరామవిలాస సభవంటి సమాజముల మూలమున ఈ సీమలో నాటకపద్యము జనులకు నిత్యపరిచితమయ్యెను; కడపటి వరుసలోని శ్రోతకుగూడ అక్షరము స్పష్టముగా చేరవలెనన్న ఆ రంగస్థలనియమమే 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రములో ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచునకు సత్యముగారి గళమును తగిన గళముగా జేసినది.

ఆ గళమునకు పిఠాపురంవారి గళము తోడైన ఒక శుభఘడియ 1962 నాటి ‘కులగోత్రాలు’ చిత్రములోని పేకాటపాట. బాపట్ల దరి అప్పికట్లవాసి కొసరాజు రాఘవయ్య చౌదరిగారు రచింపగా, సాలూరి రాజేశ్వరరావుగారు స్వరపరచిన ఆ పాటలో, ఆలి మెడలోని నగలతోసహా సర్వము పోగొట్టుకొన్నవారు నలమహారాజును దలచుకొని ఊరడిల్లుదురు. ఒక్కడు విలపించిన జాలి గలుగును. ఇరువురు ఒకే తాళమునకు లోబడి, ఒకరి మాట నొకరందుకొనుచు విలపించిన హాస్యము పుట్టును. ఆ హాస్యముననే జూదరికి హెచ్చరికయు నిమిడియుండును. బుర్రకథలో కథకునకు వంతలవలె, రెండవ గొంతు లేనిచో ఈ రసము సిద్ధింపదు. కావున ఇది ఏ యొక్కరి ప్రతిభయు గాదు, జంట ప్రతిభ.

రేపల్లె తాలూకా పల్లపట్లలో జన్మించిన గాయని ఎస్. జానకిగారు ‘సితార’ చిత్రగీతమునకు 1984 సంవత్సరపు జాతీయపురస్కారము నందుకొనుట ఈ సీమకు గర్వకారణమే. నాయికాకంఠమునకు దక్కిన ఆ మన్ననలో కొంతయైన హాస్యకంఠములకు దక్కుట న్యాయము. ఏలయన నవ్వించుచు బుద్ధిచెప్పుట విరహము నాలపించుటకంటె సులభమైన పని గాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలోని కళాపరిషత్తులు జంటగానమునకు ప్రత్యేకముగా పోటీ యేర్పరచి, బహుమతిని ఇరువురికి కలిపి యొక్కటిగా నీయవలెను. దానికి మాధవపెద్ది–పిఠాపురముల జంటపేరు పెట్టవలెను. కూడి పాడుట వేరొక విద్యయని బాలురకు దెలియవలెనన్న, ఆ విద్యలో ఆరితేరినవారిని కూడియే స్మరించుట మన మొదటి విధి.