కాల్చేశాక మళ్లీ ముక్క ఎందుకు?

‘నాన్నకి బ్యారెట్స్ ఈసోఫేగస్ అని హైదరాబాద్‌లో రేడియో ఫ్రీక్వెన్సీతో కాల్చేశారు. మంట పోయింది. మళ్లీ బయాప్సీ అంటున్నారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని అమ్మ భయం. వెళ్లాలా?’
– ఓ పాఠకుడు, సత్తెనపల్లి

వెళ్లాలి. ముక్క తీస్తే పాకుతుందన్నది ఊళ్లో మాటే. అమ్మకి మెల్లగా చెప్పండి.

యాసిడ్ ఏళ్లతరబడి పైకి తన్నితే అన్నవాహిక లోపలి పొర పేగు పొరలా మారిపోతుంది. అదే బ్యారెట్స్. కొందరిలో అది క్యాన్సర్ దాకా పోతుంది. కాల్చాక కొత్త పొర నున్నగా వస్తుంది. చిక్కంతా అక్కడే! పాత కణాలు దాని కింద దాక్కుంటే కెమెరాకి చిక్కవు. మంట పోవడం మందుల వల్ల కూడా కావొచ్చు, అది గుర్తు కాదు.

తిరగబెట్టేది ఎక్కువగా అన్నవాహిక, పొట్ట కలిసేచోట. అందుకే తేడాగా కనిపించిన చోటుతో పాటు ఆ కలయిక దగ్గర, దాని పైన 2 సెంటీమీటర్లలో చుట్టూ ముక్కలు తీస్తారు. ఇంకా పైన నున్నగా ఉన్నచోట గుచ్చితే దొరికేది తక్కువే.

ఎప్పుడెప్పుడంటే, కాల్చకముందు రిపోర్టు చూడండి. ‘హై గ్రేడ్ డిస్‌ప్లేసియా’ అని ఉంటే, పొర పూర్తిగా పోయిందని తేలాక 3, 6, 12 నెలలకు, ఆపై ఏటా. ‘లో గ్రేడ్’ అయితే ఏడాదికి, తర్వాత మూడో ఏటికి. ఆ కాగితం ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, గుంటూరులో చూపించినా అడుగుతారు. యాసిడ్ మాత్ర మాత్రం డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు.