ఊరికే తిరిగొస్తానంటే

'తిరిగి చెడింది ఆడది, తిరగక చెడ్డాడు మగవాడు' అని మనకొక సామెత ఉంది. ఇవాళ దీన్ని ఆడపిల్ల ముఖం మీద ఎవరూ అనరు. కూతుర్ని ఇంజనీరింగ్‌కో నర్సింగ్‌కో పంపుతున్న తండ్రి అసలే అనడు. కానీ సాయంత్రం ఏడింటికి వరంగల్‌లో, హనుమకొండ చౌరస్తా దగ్గర కాసేపు నిలబడితే ఊరు ఇంకా ఆ సామెత గీసిన గీతలోనే నడుస్తోందని తెలిసిపోతుంది. ఒక్క చాయ్ చెప్పి ముగ్గురు కుర్రాళ్లు గంటసేపు కబుర్లాడుకుంటే ఇక్కడేం పని అని అడిగేవాళ్లుండరు. అదే ఈడు ఆడపిల్లలూ చౌరస్తాలో కనిపిస్తారు, అయితే ఒక్కొక్కరి చేతిలో ఒక కారణం ఉంటుంది: కోచింగ్ బ్యాగు, మందుల చీటీ, టైలర్‌కి ఇవ్వాల్సిన జాకెట్ గుడ్డ, భద్రకాళి గుడికి కొబ్బరికాయ. మిర్చి బండి దగ్గర ఈ తేడా ఇంకా స్పష్టం. బండి చుట్టూ నిలబడి, కాగితం ముక్కలో ఉల్లిపాయ ముక్కలు నంజుకుంటూ, వేడివేడిగా ఊదుకుంటూ తినేది మగపిల్లలు. ఆడపిల్ల స్కూటీ ఆపుతుంది, బండి దిగదు, ముఖానికి చుట్టుకున్న చున్నీ విప్పదు, 'అన్నా, పార్సిల్' అంటుంది. ఆ పొట్లం ఇల్లు చేరేసరికి మిర్చీలు మెత్తబడి నూనె కాగితానికి అంటుకుని ఉంటాయి. ఎవరూ ఆమెను అక్కడ తినొద్దనలేదు. అక్కడ నిలబడి తింటే నలుగురూ చూస్తారని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు, అంతే.

ఓరుగల్లు (ఇప్పటి వరంగల్) వీధుల్లో తిరగడం గురించి తెలుగులో ఆరువందల ఏళ్ల నాటి కావ్యమే ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరున్న 'క్రీడాభిరామము'లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఈ నగరంలో తిరుగుతారు. వీధులు చూస్తారు, ఆటపాటలు చూస్తారు, పూటకూళ్లింట్లో భోంచేస్తారు, కనబడినవాటి మీదల్లా మాట్లాడుకుంటారు. కాకతీయుల నాటి ఊరు ఎలా ఉండేదో తెలుసుకోవడానికి చరిత్రకారులు ఇప్పటికీ దాని దగ్గరికి వెళ్తారు. అందులో ఆడవాళ్లకు కొదవలేదు. కాకపోతే వాళ్లు పాడేవాళ్లు, అమ్మేవాళ్లు, వేశ్యలు. తిరుగుతూ చూసేది మగవాళ్లు, పనిలో ఉండి కనబడేది ఆడవాళ్లు. ఇదే ఊరిని 13వ శతాబ్దంలో ఏలిన రుద్రమదేవిని కూడా శాసనాలు 'రుద్రదేవ మహారాజు' అని మగ పేరుతో పిలిచాయి. ఇవాళ ఆమె విగ్రహం ముందు నుంచి వేలమంది ఆడపిల్లలు సొంత పేరుతో, సొంత బండి మీద వెళ్తున్నారు. వచ్చిన మార్పు చిన్నదేమీ కాదు. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో వచ్చింది, ఇప్పుడు నిట్‌గా ఉన్న ఆర్ఈసీ, కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచీ ఉన్నాయి. వీటివల్ల ఆడపిల్ల చదువుకు వరంగల్ పెద్ద వాకిలి తెరిచింది. ఆ వాకిలి చదువు కోసం, పని కోసం తెరుచుకుంటుంది. 'ఊరికే అలా తిరిగొస్తా' అంటే మాత్రం తెరుచుకోదు.

ఇది ఒక్క వరంగల్ సంగతి కాదని లెక్కలు చెబుతున్నాయి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా ఎవరు ఏ పనికి రోజులో ఎంతసేపు వెచ్చిస్తున్నారో సర్వే చేసింది. ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. పత్రికల్లో ఎక్కువగా వచ్చింది ఈ అంకెలే. అదే సర్వే వివరాలను పట్టణాల వరకు విడదీసి ఐఐటీ ఢిల్లీ పరిశోధకుడు ఒకరు చూస్తే, సర్వే జరిగిన రోజున సగానికి పైగా ఆడవాళ్లు గడప దాటలేదని బయటపడింది. గడప దాటని మగవాళ్లు నూటికి పదిహేనుమంది కూడా లేరు. చదువో ఉద్యోగమో ఉన్న ఆడవాళ్లలో పదికి ఎనిమిదిమంది బయటికి వెళ్తే, ఆ రెండూ లేనివాళ్లలో వెళ్లింది ముగ్గురే. అంటే మన పట్టణాల్లో ఆడదాన్ని ఇల్లు దాటించేది ఒక గుర్తింపు కార్డు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, పెళ్లి సంబంధాలు చూస్తున్న ఆ ఏడాదీ రెండేళ్లలో, వారం కిందటిదాకా రోజూ కాజీపేట నుంచి నయీంనగర్ దాకా వెళ్లొచ్చిన అమ్మాయికి ఒక్కసారిగా ఊరు మూతపడుతుంది. దీన్ని మనం సమస్యగా లెక్కించడం లేదు. ఆమె ఫిర్యాదు చేయదు కాబట్టి, పోలీసు రికార్డులో పడదు కాబట్టి, అది జరగనట్టే ఉంది.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. దాని ఖర్చు గురించి, ఆటో డ్రైవర్ల బతుకుతెరువు గురించి వచ్చిన ప్రశ్నలు న్యాయమైనవి, వాటికి ప్రభుత్వం జవాబు చెప్పాలి. అయితే వాటికంటే గట్టిగా వినిపించిన విమర్శ వేరు: 'పనీపాటా లేకుండా తిరుగుతున్నారు' అని. బస్సులో కూర్చుని ఎల్లిగడ్డలు ఒలుస్తున్న ఆడవాళ్ల వీడియో ఫోన్లన్నీ చుట్టేసింది, జనం నవ్వుకున్నారు. ఆ వీడియోలో నాకు కనబడేది ఇది: ప్రయాణంలో దొరికిన గంటలో కూడా ఆమె ఇంటిపని చేస్తూనే ఉంది. ఇంటికెళ్లగానే వంట మొదలుపెట్టాలి కాబట్టే ఆ ఎల్లిగడ్డలు బస్సెక్కాయి. మగవాడు బస్సులో నిద్రపోతే అలసిపోయాడంటాం. ఆడది బస్సులో పని చేసుకుంటే తిరుగుబోతు అంటాం. జీరో టికెట్ పట్టుకుని ఒక తల్లి పరకాల నుంచి వరంగల్ వచ్చి, కోట చూసి, వేయిస్తంభాల గుడి మెట్ల మీద కూర్చుని సాయంత్రానికి తిరిగి వెళ్లిందనుకుందాం. అది దుబారా అయితే మగవాళ్ల చాయ్ హోటల్ గంటలన్నీ దుబారానే.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం భయం. దాన్ని తోసిపారేసే హక్కు ఎవరికీ లేదు, వరంగల్ గురించి మాట్లాడేవాళ్లకు అసలే లేదు. 2008 డిసెంబర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న ఇద్దరు అమ్మాయిల మీద ఇక్కడ యాసిడ్ దాడి జరిగింది. వారిలో ఒకరు ఆ నెల చివరికల్లా కన్నుమూశారు. అప్పుడు ఈ ఊళ్లో కూతురున్న ప్రతి ఇంట్లో ఆ రాత్రి అన్నం సహించలేదు. కానీ ఆ ఇద్దరూ ఆ రోజు ఏం చేస్తున్నారు? కాలేజీ అయిపోయి బండి మీద ఇంటికి వెళ్తున్నారు. మనం ఏ కారణాన్ని రక్షణ కవచం అనుకుంటున్నామో ఆ కారణం వాళ్ల దగ్గర ఉంది. పని మీద వెళ్లినా, పొద్దుండగానే వచ్చినా, తలవంచుకుని నడిచినా దాడి చేసేవాడు ఆగడు. అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. బయటి చీకటికి భయపడి లోపలికి పంపడం ఎంత మాత్రపు రక్షణో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

2008 నాటి ఆ యాసిడ్ దాడి కేసులో ముగ్గురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. 2019లో హైదరాబాద్ శివార్లలో ఒక యువతిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత నలుగురు నిందితులు అలాగే చనిపోయారు. రెండుసార్లూ పోలీసులకు జేజేలు పలికినవాళ్లున్నారు. ఆ కాల్పుల న్యాయాన్యాయాలు ఇక్కడ చర్చించబోను. అడగాల్సింది ఒకటే: వాటి తర్వాత ఆడపిల్ల బయట ఉండగలిగే వేళ ఒక్క గంటైనా పెరిగిందా? 2019 డిసెంబర్ మొదటి రోజున ఆర్టీసీ మహిళా ఉద్యోగుల డ్యూటీలు రాత్రి 8 గంటలకే ముగించాలని అప్పటి ముఖ్యమంత్రి ఆదేశించారు. మంచి మనసుతోనే అని ఉండొచ్చు. కండక్టర్ ఆడమనిషి అయితే రాత్రి బస్సులో ఒంటరిగా వెళ్లే అమ్మాయికి ఎంత ధైర్యమో ఆలోచించి ఉంటే ఆ ఆదేశం వచ్చేది కాదు. 2024లో కోల్‌కతా ఆస్పత్రిలో యువ వైద్యురాలి హత్య తర్వాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం కూడా ఆడవాళ్లకు రాత్రి డ్యూటీలు తగ్గించాలని చూస్తే సుప్రీంకోర్టు తప్పుబట్టింది. భద్రత కల్పించడం మీ పని, వాళ్లను రాత్రికి దూరం చేయడం కాదని తేల్చి చెప్పింది. రాత్రి ఆడవాళ్లది కాదనే ఈ ఊరి రోడ్లను తెల్లవారకముందే ఊడ్చేది ఆడవాళ్లే. ఎంజీఎం ఆస్పత్రిలో రాత్రంతా మేలుకునే నర్సులు ఆడవాళ్లే. జేపీఎన్ రోడ్డులో బట్టల షాపు షట్టర్ దించేదాకా చీరలు మడతపెట్టి ఇంటికి పోయేదీ ఆడపిల్లలే. వాళ్ల రాత్రుల గురించి ఎవరూ బెంగపడరు. బెంగ పుట్టేది ఆడది తన సంతోషం కోసం బయట ఉన్నప్పుడే.

ఆడవాళ్లు రాత్రి బయట ఉంటే ఊరు ఎలా ఉంటుందో వరంగల్‌కు తెలియనిది కాదు. ఏటా తొమ్మిది రాత్రులు చూస్తూనే ఉంది. పెత్రమాస నాడు వేయిస్తంభాల గుడి ముందు ఎంగిలిపూల బతుకమ్మ మొదలైతే, సద్దుల నాటికి పద్మాక్షి గుట్ట కింద అడుగు పెట్టే చోటు ఉండదు. పట్టుచీరలు, లంగావోణీలు, తలనిండా పూలు, మెడనిండా నగలు. పొద్దుగూకాక, చీకటి చిక్కబడ్డాక, ఆడవాళ్లూ ఆడపిల్లలూ వేలల్లో రోడ్ల మీద ఉంటారు. కార్పొరేషన్ లైట్లు కడుతుంది, పోలీసులు ట్రాఫిక్ మళ్లిస్తారు, ఇంటి మగవాళ్లు తాంబాళం మోసుకొచ్చి దింపి పక్కన నిలబడతారు. అది పండుగ కదా, అందరూ గుంపుగా ఉంటారు కదా అనొచ్చు. నేను చెప్పేదీ అదే. అంతమంది ఉన్నారు కాబట్టే ఎవరూ బిక్కుబిక్కుమనరు. షీ టీమ్స్ కావాలి, ఫోన్లో యాప్‌లూ కావాలి, వాటి పని అవి చేస్తున్నాయి. అయితే ఒక అమ్మాయికి అన్నిటికంటే దగ్గరి ధైర్యం పక్కనే కబుర్లు చెప్పుకుంటున్న ఇంకో పదిమంది అమ్మాయిలు. ముంబయి ఆడవాళ్ల అనుభవాల మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో తెచ్చిన 'వై లాయిటర్' పుస్తకం వాదన కూడా ఇదే దారిలో సాగుతుంది: ఏ పనీ లేకుండా బయట ఉండగలగడమే పౌరహక్కుకు గుర్తు అని.

ఇక బట్టల మాట. జీన్సులు, క్రాప్ టాప్‌లు, కెఫేలు, రీల్స్, ఇదంతా తిరుగుళ్ల మోజు, డబ్బు తగలేయడం అంటారు. మోజు ఉంటే ఉండనివ్వండి, ఇరవై ఏళ్ల వయసుకు అది అందం. ఆడపిల్ల ఏం కట్టుకోవాలో ఊరు తీర్పు చెప్పినంతకాలం, ఆమె కట్టుకునేది ఊరి కోసమే అవుతుంది. స్కూటీ మీద వెళ్లే అమ్మాయిల ముఖం చుట్టూ కళ్లు తప్ప కనబడకుండా బిగించిన చున్నీని చూడండి. ఎండకూ దుమ్ముకూ అంటారు, నిజమే. రాత్రి ఏడింటికి ఎండ ఎక్కడుంది? మేనమామ స్నేహితుడో వీధి చివరి కిరాణా ఆయనో గుర్తుపట్టి ఇంట్లో చెప్పకుండా ఉండేందుకు కూడా ఆ చున్నీ పనికొస్తుంది.

డబ్బు సంగతి మాత్రం ఆలోచించాల్సిందే. ఇవాళ ఆడపిల్లలు నలుగురు కూర్చుని ఎవరి చూపులూ తగలకుండా గంటసేపు మాట్లాడుకునే చోటు నక్కలగుట్ట వైపు ఏసీ కెఫేలోనే దొరుకుతోంది. అక్కడి కాఫీ ధరలో సగం నిజానికి ఆ తలుపుకు కట్టే అద్దె. అది కట్టగలిగినవాళ్లు కడుతున్నారు. బట్టల షాపులో నిలబడి పనిచేసే అమ్మాయి, కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి అమ్మాయి ఆ తలుపు దాకా రాదు. కెఫేలకు వెళ్లేవాళ్లను తిట్టేవాళ్లు, ఊళ్లో డబ్బు లేకుండా కూర్చోగలిగే చోట్లు వీళ్లకెన్ని ఉన్నాయో చెప్పాలి. కూర్చునే చోటు దొరికినా మరుగుదొడ్డి లేకపోతే ఆడది గంటకు మించి బయట ఉండలేదు. నీళ్లు తాగడం మానేసి బయల్దేరడం మన ఆడవాళ్లకు అలవాటైపోయింది.

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వైపు నుంచి వచ్చి హనుమకొండ హాస్టళ్లలో ఉండే ఆడపిల్లల సంగతి వేరేగా చెప్పాలి. మగపిల్లల హాస్టల్‌కు గేటు ఉంటుంది, ఆడపిల్లల హాస్టల్‌కు గేటుతో పాటు గడియారం ఉంటుంది. తల్లిదండ్రులు అడుగుతున్నారు కాబట్టే పెట్టామని నిర్వాహకులు అంటారు, అందులో అబద్ధం లేదు. కానీ భద్రత పేరు చెప్పి మగ విద్యార్థులకు లేని నిబంధనలు ఆడ విద్యార్థులకు పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనల్లోనే స్పష్టంగా ఉంది. ఆ వాక్యం కాలేజీల నోటీసు బోర్డుకు ఎక్కలేదు. పద్దెనిమిదేళ్లకు ఓటు వేయగలిగినామె రాత్రి తొమ్మిదింటిదాకా లైబ్రరీలో ఉండగలదో లేదో వార్డెన్ నిర్ణయిస్తోంది.

1990ల చివర వియన్నా నగరంలో, తొమ్మిది పదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం ఎందుకు మానేస్తున్నారని పరిశీలించారు. ఉన్న స్థలమంతా పెద్ద ఆటలకే పోయింది, అక్కడ మగపిల్లలతో పోటీపడి చోటు దక్కించుకోలేక వాళ్లు వెనక్కి తగ్గుతున్నారని తేలింది. పార్కును చిన్నచిన్న భాగాలుగా చేసి, దారులు, లైట్లు మార్చాక ఆడపిల్లలు తిరిగొచ్చారు. ఎవరికీ నీతులు చెప్పలేదు, స్థలం మార్చారు. 2016లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరి, 2022లో యునెస్కో అభ్యసన నగరాల్లో ఒకటైన వరంగల్‌కు ఇది తలకు మించిన పని కాదు. హనుమకొండ పబ్లిక్ గార్డెన్, భద్రకాళి బండ్, వడ్డేపల్లి బండ్ ఉన్నవే. ఏ వేళకు ఎంతమంది ఆడవాళ్లు అక్కడ కనబడుతున్నారో కార్పొరేషన్ ఒక నెలపాటు లెక్కపెట్టించాలి. ఏ గంటకు ఆ సంఖ్య పడిపోతోందో తేలితే, ఆ గంటకు ఏ లైటు వెలగడం లేదో, ఏ మరుగుదొడ్డికి తాళం పడుతోందో, ఏ రూటులో బస్సు ఆగిపోతోందో దానంతటదే తెలుస్తుంది. చౌరస్తా నుంచి కాజీపేటకు, హసన్‌పర్తికి, వరంగల్ స్టేషన్‌కు రాత్రి పదింటిదాకా నమ్మకంగా బస్సు ఉండాలి, అందులో ఆడ కండక్టర్ ఉండాలి. తోపుడు బండ్లు ఉన్నచోట రెండు బెంచీలు వేసి పైన ఒక దీపం పెట్టాలి. మిర్చి బండి పక్కన ఆ బెంచీ మీద ఇద్దరమ్మాయిలు చున్నీ విప్పి కూర్చుంటే, మూడో అమ్మాయి స్కూటీకి స్టాండ్ వేస్తుంది.