వీధి పిల్లికి వైరస్ ఉందంటే ఇంట్లో పిల్లి గతేంటి? అన్ని 'పాజిటివ్'లూ ఒకటి కాదు!

వీధి కుక్కల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 ఆగస్టు 11న ఒక ఆర్డర్, 22న దాన్ని సవరిస్తూ ఇంకో ఆర్డర్. డిబేట్లు, ధర్నాలు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో గొడవలు.. అంతా కుక్కల చుట్టూనే తిరిగింది. అదే వీధిలో, అదే సెల్లార్‌లో, కారు కింద పడుకునే పిల్లి ఊసు మాత్రం ఎక్కడా లేదు. గుంపుగా వెంటపడదు, రాత్రిపూట బైక్ వెనక పరిగెత్తదు. అందుకే అది వార్త కాలేదు.

కానీ ఇళ్లలో మాత్రం సమస్య మొదలైంది. లోపల సోఫా మీద ఒక పెంపుడు పిల్లి, బాల్కనీలో రోజూ వచ్చి అన్నం తినిపోయే వీధి పిల్లి. ఒకరోజు ఆ వీధి పిల్లి ముక్కు కారుతూ, చిక్కిపోయి కనిపిస్తుంది. జాలిపడి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే టెస్ట్ చేసి 'వైరస్ పాజిటివ్' అంటారు. ఇక అక్కడి నుంచి రెండే రకాల మనుషులు. ఒకరు భయంతో దాన్ని ఎక్కడో దూరంగా వదిలేసి వస్తారు. ఇంకొకరు పాపం అంటూ నేరుగా ఇంట్లోకి తెచ్చి సొంత పిల్లి పక్కనే పడుకోబెడతారు. ఇద్దరూ ఒక ప్రశ్న అడగడం మర్చిపోతున్నారు. ఏ వైరస్?

మొత్తం కథ ఆ జవాబు మీదే ఉంది. ఎందుకంటే పిల్లులకు వచ్చే వైరస్‌లలో కొన్ని కరిస్తేనే అంటుతాయి, కొన్ని నాకితే అంటుతాయి, కొన్నైతే మీ చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వచ్చేస్తాయి.

పేరుకే భయం.. ఎఫ్‌ఐవీ

జనం ఎక్కువగా హడలిపోయేది ఈ పేరుకే. హెచ్‌ఐవీ లాగే వినిపిస్తుంది కదా. అది కూడా అదే జాతి వైరస్సే. 1986లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, పెటలూమా అనే ఊళ్లో చాలా పిల్లులు కలిసి ఉండే ఒకచోట దీన్ని మొదట గుర్తించారు. మనుషులకు మాత్రం ఇది సోకదు. అస్సలు సోకదు.

పిల్లి నుంచి పిల్లికైనా అంత సులువుగా అంటుకోదు. ప్రధానంగా లోతైన కాటు గాయాల ద్వారానే వస్తుంది. అంటే రాత్రిళ్లు గోడల మీద కొట్టుకునే గండు పిల్లులకే ఎక్కువ. ఒకే గిన్నెలో తిన్నంత మాత్రాన, పక్కపక్కన పడుకున్నంత మాత్రాన అంటుకోవడం చాలా అరుదు. ఆపరేషన్ చేయించి, కొట్లాటలు లేకుండా చూసుకుంటే ఎఫ్‌ఐవీ ఉన్న పిల్లి ఏళ్ల తరబడి మామూలుగానే బతుకుతుంది. టెస్ట్ పాజిటివ్ వచ్చిందన్న ఒక్క కారణంతో పిల్లిని చంపేయొద్దని అమెరికాలోని పిల్లి వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది.

కూనల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఈ టెస్ట్ చూసేది వైరస్‌ని కాదు, యాంటీబాడీలను. తల్లికి ఎఫ్‌ఐవీ ఉంటే పాల ద్వారా ఆ యాంటీబాడీలు కూనకు వెళ్తాయి. కూనకు జబ్బు లేకపోయినా టెస్ట్ పాజిటివ్ చూపిస్తుంది. ఆరు నెలలు దాటాక మళ్లీ చేయిస్తే అదే కూన నెగెటివ్ రావచ్చు. రెండు నెలల కూన రిపోర్ట్ చూసి నిర్ణయం తీసుకోవడం అన్యాయమే.

ప్రేమగా నాకితే వచ్చేది ఇది

ఫెలైన్ ల్యూకేమియా వైరస్ దీనికి పూర్తి రివర్స్. 1964లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో విలియం జారెట్ బృందం దీన్ని కనుక్కుంది. ఇది కొట్లాటల్లో కంటే స్నేహంలో ఎక్కువ అంటుకుంటుంది. ఉమ్ములో వైరస్ ఉంటుంది. ఒకదాన్నొకటి నాక్కోవడం, ఒకే గిన్నెలో తినడం, తల్లి పాలు.. ఇవే దాని దారులు. శరీరంలో పాతుకుపోతే రక్తహీనత, క్యాన్సర్ వరకు వెళ్తుంది. చాలా పిల్లులు కొన్నేళ్లలోనే చనిపోతాయి.

ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లి ఉంటే, ల్యూకేమియా పాజిటివ్ పిల్లిని దాంతో కలిపి ఉంచకూడదు. ఇక్కడ జాలి పనికిరాదు. అయితే ఒక్కసారి పాజిటివ్ వస్తే అదే ఫైనల్ కాదు. మళ్లీ టెస్ట్ చేసో, పీసీఆర్‌తోనో నిర్ధారించుకోవాలి. నిజంగానే ఉందని తేలితే, వేరే పిల్లి లేని ఇల్లు చూడాలి. అదీ కుదరకపోతే ఇంట్లోనే వేరే గదిలో ఉంచాలి.

మరో విషయం చాలామందికి తెలియదు. పిల్లులకు వేయించే 'ట్రైక్యాట్' టీకాలో ఉండేవి మూడే మూడు: ప్యాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసి. ల్యూకేమియా అందులో లేదు. 'మా పిల్లికి అన్ని టీకాలూ అయిపోయాయి' అనుకుని ధైర్యంగా కలిపేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పిల్లి రాకపోయినా వైరస్ వస్తుంది!

అసలు భయపడాల్సింది ప్యాన్‌ల్యూకోపీనియాకి. కుక్కలకు వచ్చే పార్వోకి ఇది దగ్గరి చుట్టం. వాంతులు, విరేచనాలు, నీళ్ల గిన్నె ముందు కూర్చుని కూడా తాగలేకపోవడం.. టీకా పడని కూనలైతే రోజుల్లోనే పోతాయి. ఈ వైరస్ మొండిది. నేల మీద, గుడ్డల మీద ఏడాది వరకు బతకగలదు. మీ పిల్లి గడప దాటకపోవచ్చు. మీ చెప్పులు దాటుతాయి కదా!

మన ఇళ్లలో శుభ్రం అనగానే ఫినాయిల్, డెటాల్ తీస్తాం. వీటితో రెండు రకాలుగా నష్టం. ఒకటి, ఈ వైరస్ వాటికి లొంగుతుందన్న భరోసా లేదు. రెండు, వాటిలోని ఫినాల్ తరహా రసాయనాలు పిల్లులకే విషం. తడి నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే నేరుగా కడుపులోకి వెళ్తాయి. కరోనా రోజుల శానిటైజర్ కూడా ఇక్కడ దిగదుడుపే. ముందు సబ్బు నీళ్లతో మురికి పోయేలా కడగాలి. ఆ తర్వాత ఒక వంతు బ్లీచ్‌కి 32 వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, మంచి నీళ్లతో కడిగేయాలి. చేతులకైతే సబ్బు, నీళ్లే.

మంచి సంగతి ఏంటంటే దీనికి టీకా చాలా బాగా పనిచేస్తుంది. 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు దాటే వరకు మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. బాల్కనీలో వీధి పిల్లికి అన్నం పెట్టే ఇంట్లో పిల్లికి టీకా లేదంటే ఆ రిస్క్ మనం పెట్టిందే.

జలుబు వైరస్‌లు హెర్పిస్, కాలిసి కూడా తుమ్ములతో, గిన్నెలతో పాకుతాయి. పెద్ద పిల్లులు సాధారణంగా తట్టుకుంటాయి. ముక్కు మూసుకుపోతే పిల్లికి వాసన తెలియదు, వాసన తెలియకపోతే తినదు. ప్రమాదం అక్కడుంది. జ్వరమని పారాసిటమాల్ మాత్రం వేయొద్దు. ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు.

సైప్రస్‌లో ఏం జరిగింది?

వీధి పిల్లుల జబ్బు దేశం సమస్యగా ఎలా మారుతుందో చూడాలంటే సైప్రస్ వైపు చూడాలి. మనిషి పక్కనే పిల్లిని పాతిపెట్టిన 9,500 ఏళ్ల నాటి సమాధి బయటపడిన ద్వీపం అది. వీధి వీధినా పిల్లులే. 2023లో అక్కడ ఎఫ్‌ఐపీ అనే జబ్బు చెలరేగింది. మామూలుగా అయితే ఇది పిల్లి నుంచి పిల్లికి అంటుకోదు. పేగుల్లో ఉండే సాధారణ కరోనా వైరస్ ఒక్కో పిల్లిలో విడిగా రూపం మార్చుకుంటే వస్తుంది. సైప్రస్‌లో మాత్రం పిల్లి కరోనా, కుక్క కరోనా కలిసి కొత్త రకం పుట్టింది. అది నేరుగా అంటుకోవడం మొదలుపెట్టింది. ఈ పరిశోధన 2025లో 'నేచర్' జర్నల్‌లో వచ్చింది.

3 లక్షల పిల్లులు చనిపోయాయని జంతు ప్రేమికులు అన్నారు. అంత లేదు, 8 వేల వరకు ఉండొచ్చని పశువైద్యుల సంఘం అంది. రెండు అంకెల మధ్య ఎంత తేడా ఉందో చూడండి. వీధి పిల్లుల్ని లెక్కపెట్టేవాళ్లు ఎవరూ లేకపోతే ఇలాగే ఉంటుంది. అయితే అక్కడి ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోలేదు. మనుషుల కోవిడ్ కోసం కొని మిగిలిపోయిన మోల్నుపిరవిర్ మాత్రల్ని 2023 ఆగస్టులో పిల్లుల కోసం విడుదల చేసింది.

మరి మన దగ్గర? జీహెచ్‌ఎంసీ జంతు సంరక్షణ కేంద్రాల్లో ఆపరేషన్లంటే ప్రధానంగా కుక్కలకే. 1962కి ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడి పశువుల కోసం. రాజేంద్రనగర్, తిరుపతి లాంటి చోట్ల వెటర్నరీ కాలేజీల్లో ఆస్పత్రులున్నాయి. కానీ బోనులో పట్టుకుని, క్యాబ్ మాట్లాడుకుని, వీధి పిల్లిని అక్కడి దాకా తీసుకెళ్లాల్సింది ఎవరో ఒక ఇంటి మనిషే. టెస్టు, టీకా, ఆపరేషన్ ఖర్చు కూడా వాళ్లదే. పిల్లి ఎదురొస్తే పనికాదని వెనక్కి తిరిగే ఊళ్లో ఆ మాత్రం చేసేవాళ్లు ఉండటమే గొప్ప. అయితే వ్యవస్థ చేయాల్సిన పనిని వాళ్ల జాలి మీద వదిలేశాం.

రీల్స్‌లో చూపించనిది

మీ ఫీడ్‌లో కూడా వచ్చే ఉంటుంది. రోడ్డు పక్కన కూన, స్నానం, టవల్, తర్వాతి సీన్‌లో ఇంటి పిల్లితో ఆడుకోవడం. ముప్పై సెకన్లలో అయిపోతుంది. మధ్యలో ఉండాల్సిన రెండు వారాలు ఎడిటింగ్‌లో ఎగిరిపోతాయి. కనీసం 14 రోజులు కొత్త పిల్లిని విడిగా ఉంచాలి. డబుల్ బెడ్రూం ఫ్లాట్‌లో వేరే గది ఎక్కడిది అంటారా? వాడని రెండో బాత్రూం చాలు. దానికి గిన్నె, లిట్టర్ ట్రే, గుడ్డ అన్నీ వేరు. ముందు ఇంటి పిల్లి పనులు చూసుకుని, తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లాలి. బయటికొచ్చాక చొక్కా మార్చుకోవాలి. ల్యూకేమియా టెస్ట్ నెగెటివ్ వచ్చినా నెల తర్వాత, ఎఫ్‌ఐవీ అయితే రెండు నెలల తర్వాత ఇంకోసారి చేయించడం మేలు. కొత్తగా సోకితే మొదటి టెస్టులో దొరకకపోవచ్చు.

ఇంటికి తేలేనివాళ్లు బయటే చూసుకోవచ్చు. గిన్నె వేరుగా పెట్టి, తినగానే తీసి కడిగేయాలి. వీలైతే ఆపరేషన్ చేయించి అదే చోట వదలాలి. దూరంగా తీసుకెళ్లి వదిలితే కొత్త ఏరియాలో మళ్లీ కొట్లాటలు, మళ్లీ కాట్లు. ఎఫ్‌ఐవీకి కావాల్సింది అదే.

ఇవేవీ మనుషులకు వచ్చే వైరస్‌లు కావు కానీ, పిల్లికి రేబిస్ రావచ్చు. వీధి పిల్లిని పట్టుకునేటప్పుడు కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, పసుపు, కారం పెట్టకుండా సబ్బుతో 15 నిమిషాలు పారే నీళ్లలో కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. యాంటీ రేబిస్ వ్యాక్సిన్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగానే వేస్తారు.