తలుపు తీసి కొలవండి

ఈసారి విమానం గురించి రాస్తున్నానంటే మా ఇంట్లోనే నవ్వారు. "పురసవాక్కంలో సైకిలు పెట్టుకోవడానికే చోటు లేదు, విమానం గొడవ మనకెందుకు?" అన్నారు. నిజమే. దీపావళి ముందు వెళ్లాల వీధిలో మనిషి పక్కకి తిరిగితే గానీ ముందుకి నడవలేడు. అయినా ఈ విమానం కథ మొదలైంది మా పురసవాక్కం వంటింట్లోనే. కాస్త ఓపిగ్గా వినండి.

మా మేనల్లుడు అమెరికాలో టెక్సాస్‌లో ఉంటాడు. చిన్నప్పుడు మీనంబాక్కం వైపు వెళ్తే చాలు, మెడ నొప్పి పుట్టేదాకా ఆకాశంలోకే చూసేవాడు. అక్కడికి వెళ్లాక విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. ఈమధ్య ఇద్దరు స్నేహితులతో కలిసి పాతదొకటి కొన్నాడు. పైపర్ సెనెకా, రెండింజన్లది. ఆ దేశంలో వడగళ్లు నిమ్మకాయలంత పడతాయట. ఆరుబయట వదిలితే రేకంతా సొట్టలే. అందుకని హాంగరు, అంటే విమానాల కొట్టం, అద్దెకు చూశాడు. ఏడాది అద్దె ముందే కట్టాలి. ఆ రాత్రి ఫోనులో ఒకటే సంబరం.

"అమ్మా! రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి 39 అడుగులకి ఒక్క అంగుళం తక్కువ. కొట్టం గుమ్మం 40. సరిపోయింది!"

మా అక్కయ్య పప్పులో తాలింపు వేస్తూ ఒక్కటే అడిగింది: "ఒరే నాన్నా, ఆ నలభై తలుపు తీసి కొలిచిందా, కాగితం మీద చూసిందా?"

ఆ ప్రశ్న వెనక మా బీరువా ఉంది. అక్కయ్య పెళ్లికి నాన్నగారు టేకు బీరువా చేయించారు. మేడమీద గది కొలిచారు, గుమ్మం కొలిచారు. మెట్ల మలుపు మాత్రం కొలవలేదు. నలుగురు మనుషులు మోసుకెళ్తే బీరువా ఆ మలుపులో ఇరుక్కుంది. మళ్లీ కిందికి దించి వరండాలో పెట్టారు. ఆ ఏడు వానల్లో చెదలు పట్టి, అందులో దాచిన మా అమ్మ పెళ్లి చీర పాడైపోయింది. నాన్నగారు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కానీ పోయేదాకా ఆయన చొక్కా జేబులో కొలత టేపు ఉండేది.

మేనల్లుడు మర్నాడే టేపు పట్టుకుని వెళ్లాడు. అది జరుపుడు తలుపు. పూర్తిగా జరిపాక కూడా ఒక పక్క నాలుగంగుళాలు, రెండో పక్క మూడంగుళాలు గుమ్మంలోకి పొడుచుకొచ్చి ఉన్నాయి. మిగిలింది 39 అడుగుల 5 అంగుళాలు. అంటే ఒక్కో రెక్క కొసకి బెత్తెడు చోటు!

ఎత్తులోనూ ఇలాంటి చిక్కే ఉందట. ఆ విమానం తోక దాదాపు పదడుగుల ఎత్తు. ముందు చక్రం కాలిలో గాలి, నూనె నింపిన గొట్టం ఉంటుంది. దాంట్లో గాలి తగ్గితే ముక్కు దిగుతుంది, తోక లేస్తుంది. నిన్న దూరిన విమానం ఇవాళ గుమ్మం దూలానికి తగలొచ్చు. పైకి మడిచే తలుపయితే మడతపడ్డ రేకులు కిందికి వేలాడి ఇంకాస్త ఎత్తు తినేస్తాయి.

ఈ తంటా విమానంతోపాటే పుట్టింది. విమానం మన ఊరికీ కొత్త కాదు. 1910లోనే హోటలు యజమాని డి ఏంజెలిస్ సింప్సన్ వారి చేత విమానం కట్టించి మద్రాసులో ఎగిరాడు. 1930లో మద్రాస్ ఫ్లయింగ్ క్లబ్ ఏర్పడింది. ఆ కాలపు క్లబ్బుల్లో పేరుపడ్డ డి హావిలాండ్ మాత్ విమానానికి రెక్కలు వెనక్కి మడిచే ఏర్పాటుండేది. ముప్ఫై అడుగుల వెడల్పు మడిస్తే పదడుగులకి వచ్చేది. రెండింజన్ల విమానానికి ఆ సుఖం లేదు. ఇంజన్లూ, పెట్రోలు ట్యాంకులూ రెక్కల్లోనే ఉంటాయి, ఇక మడిచేదెలా? మన బేగంపేటలో 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటాల రెక్కలయితే 95 అడుగులు. దానికి తగ్గ కొట్టం కట్టుకోవలసిందే.

బరువు సంగతి ఇంకోటి. ఒక ఇంజను చిన్న విమానాన్ని మనిషి చేత్తో తోసేయగలడు. సెనెకా ఖాళీగానే పన్నెండు వందల కిలోల పైమాట. అందుకని చిన్న మోటారు బండితో తోక ముందుగా లోపలికి తోస్తారు. చేత్తో తోస్తే రెక్క దేనికైనా తగలగానే చేతికి తెలుస్తుంది. మోటారుకి తెలియదు, తోసుకుంటూ పోతుంది. అందుకే నేలమీద చక్రాలకి గీతలు గీస్తారు, చక్రం ఆగేచోట చెక్కదిమ్మ పెడతారు, రెక్క కొసల దగ్గర మనిషి నిలబడి "ఆగు" అనాలి. రెక్క చివర చిన్న సొట్ట పడ్డా మెకానిక్కు చూసి సరే అనేదాకా ఎగరకూడదు.

స్నేహితులిద్దరూ "జాగ్రత్తగా తోస్తే పడుతుందిలే, అద్దె కూడా తక్కువ" అన్నారట. వాడు రెండు మనసులతో మళ్లీ ఫోను చేశాడు. అక్కయ్య అంది: "పడుతుంది నాన్నా, ఎందుకు పట్టదు. పగటిపూట, ముగ్గురూ ఉన్నప్పుడు పడుతుంది. రాత్రి పదింటికి వానలో, ఒక్కడివే అలసిపోయి దిగినప్పుడో?"

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ కొట్టం వదిలేసి, ఊరికి కాస్త దూరమైనా 44 అడుగుల గుమ్మం ఉన్నది తీసుకున్నాడు. అద్దె కొంచెం ఎక్కువే. స్నేహితులు వారం రోజులు మూతి ముడుచుకున్నారట.

నాకనిపిస్తుంది, మనం ఏ కొలతయినా మన మంచిరోజుని బట్టే తీస్తాం. ఇల్లు కట్టినా, అప్పు చేసినా అంతే. జానెడు ఎక్కువ వదలవలసింది మన అలసిపోయిన రోజు కోసం.

పోయినవారం వాడు ఫొటో పంపాడు. కొట్టంలో విమానం, అటూ ఇటూ బోలెడు చోటు. గోడకి మేకు కొట్టి కొలత టేపు తగిలించాడు. అక్కయ్య ఆ ఫొటోని నాన్నగారి పటం పక్కన పెట్టింది.

వచ్చే సంచికలో మళ్లీ కలుద్దాం. ఈలోగా మీ ఇంటికి కొత్త బీరువా వస్తుంటే, ముందు మెట్ల మలుపు కొలవండి.